సువార్తమ్మ చూసిన ముడి

శనివారం పొద్దున్న పదకొండు గంటలకు యానాం మార్కెట్ దగ్గర షేర్ ఆటో ఎక్కి కూర్చోగానే హెప్సిబా ఫోన్ మోగింది. వచ్చిన మెసేజ్ ఒకసారి చదివింది. నమ్మకం కలగక రెండోసారి చదివింది. "అయ్యబాబోయ్!" అని పైకే అనేసింది.

పక్కన కూర్చున్న పెద్దావిడ ఉలిక్కిపడి ఒళ్లోని సంచిని గట్టిగా పట్టుకుంది. "ఏమ్మా, ఎవరికన్నా ఏవన్నా అయ్యిందా?"

"లేదండీ, మంచి కబురే. నన్ను జ్యూరీలోకి తీసుకున్నారు."

ఆవిడకేమీ అర్థం కాలేదు. మంచి కబురంది కదా అని నవ్వి ఊరుకుంది. హెప్సిబాకి మాత్రం ఆటో ఎంతకీ కదలనట్టు అనిపించింది. కనకాలపేటలో ఇంటి ముందు దిగేసరికి చిల్లర తీసుకోవడం కూడా మర్చిపోయింది. డ్రైవరే వెనక్కి పిలిచి ఇచ్చాడు.

హెప్సిబా యానాంలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరు. ఆరు నెలల కిందట ఆన్‌లైన్లో ఏదో కోర్సు చేస్తుండగా ఆమెకు ఆ సైటు సంగతి తెలిసింది. దేశాలు దాటి వ్యాపారం చేసేవాళ్లు కొందరు కోర్టుల చుట్టూ తిరిగే పని లేకుండా అక్కడ ఒప్పందం రాసుకుంటారు. ఆ ఒప్పందం కాగితం మీద ఉండదు, ఒక ప్రోగ్రాంలా బ్లాక్‌చైన్ అనే ఉమ్మడి కంప్యూటర్ పుస్తకం మీద ఉంటుంది. దాన్నే స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. కొనేవాడు డబ్బు ముందుగానే అందులో వేసేస్తాడు. షరతు తీరితే డబ్బు దానంతటదే అమ్మినవాడికి వెళ్లిపోతుంది. తగాదా వస్తే అక్కడే ఆగిపోతుంది. అప్పుడు సైటు, పేరు నమోదు చేసుకున్నవాళ్లలోంచి లాటరీ తీసి ఐదుగురిని పిలుస్తుంది. ఒకరెవరో ఇంకొకరికి తెలియదు. ఐదుగురూ సాక్ష్యాలు చూసి రహస్యంగా ఓటేస్తారు. ఎక్కువమంది ఎటంటే డబ్బు అటు కదులుతుంది.

జ్యూరీలో చేరాలంటే కొంత సొమ్ము పూచీగా పెట్టాలి. హెప్సిబా ఎనిమిది వేలు పెట్టింది. తీర్పు ఎటు వచ్చిందో అటు ఓటేసినవాళ్లకు ఫీజు దొరుకుతుంది. ఎదురు ఓటేసినవాళ్ల పూచీలో సగం పోతుంది. చేరేటప్పుడు ఏ రంగం తెలుసో రాయమంటే "సముద్రపు సరుకులు" అని రాసింది. ఆమె తల్లి సువార్తమ్మ ఇరవై రెండేళ్లుగా దరియాలతిప్ప దారిలోని షెడ్డులో పీతలు కడుతోంది. మడ అడవుల్లోంచి వచ్చిన బతికున్న పీతల డెక్కలు కదలకుండా పురికొసతో బిగించి పెట్టెల్లో సర్దడం ఆవిడ పని. ఆ ఇంట్లో పుట్టినదానికి అంతకంటే తెలిసిన రంగం ఇంకేముంటుంది? కానీ ఆరు నెలలైనా లాటరీలో పేరు రాలేదు. ఈ రోజు వచ్చింది.

ఇంట్లో తండ్రి రాజారత్నం బల్ల ఎక్కి ఫ్యాను రెక్కలు తుడుస్తున్నాడు. ఒకప్పుడు పడవ నడిపినవాడు. ఇప్పుడు చర్చిలో సంఘ పెద్ద. వలలు చిరిగిన గొడవలు, గట్ల గొడవలు, అన్నదమ్ముల గొడవలు ఆయన దగ్గరికే వస్తాయి.

"నాన్నా, తీర్పు చెప్పమని నన్ను పిలిచారు!" అంది హెప్సిబా చెప్పులు విప్పకుండానే.

"ఎవరే పిలిచింది?"

"ఎవరో తెలీదు."

"ఎవరి మధ్య తగువు?"

"అదీ తెలీదు. బంగ్లాదేశ్‌లో పీతలు అమ్మినవాళ్లు, సింగపూర్‌లో కొన్నవాళ్లు. పేర్లు చెప్పరు."

రాజారత్నం బల్ల మీద నుంచి కిందికి చూశాడు. "మనిషి కళ్లల్లోకి సూత్తే సగం తీర్పు అక్కడే ఉంటాది. మొకాలే లేని తీర్పేం తీర్పే?"

"మొహాలు చూసే కదా నాన్నా, కిందటేడు గట్టు గొడవలో మావయ్య వైపు చెప్పావు."

ఆయన మళ్లీ ఫ్యాను తుడుచుకోవడంలో పడ్డాడు.

హెప్సిబా లాప్‌టాప్ తెరిచింది. కేసు పెద్దదేమీ కాదు. ఇరవై నాలుగు పెట్టెలు, ఆరు వందల పీతలు, విమానంలో వెళ్లాయి. పెట్టె తెరిచినప్పుడు చచ్చిన పీతలు అరవై దాటితే కొన్నవాళ్లు పైసా ఇవ్వక్కర్లేదని ఒప్పందం. పెట్టెలు తెరిస్తే నూట నలభై చచ్చి ఉన్నాయని కొన్నవాళ్ల ఫిర్యాదు. పీతలన్నీ గట్టివేనని, బతికుండగానే పెట్టెలకెక్కించామని అమ్మినవాళ్ల వాదన.

పెట్టెల్లో పెట్టిన చిన్న పరికరాలు గంటగంటకీ వేడిని నమోదు చేశాయి. ఎక్కడా తేడా లేదు. కాబట్టి దారిలో తప్పు జరగలేదు. పెట్టెలు సర్దేటప్పుడు అమ్మినవాళ్లు తీసిన ఇరవై నాలుగు ఫోటోలు ఉన్నాయి. ఫోటో తీసిన నిమిషానే దాని గుర్తు బ్లాక్‌చైన్ మీద పడింది. ఆ తర్వాత ఫోటోలో ఒక చుక్క మార్చినా ఇట్టే దొరికిపోతుంది. కొన్నవాళ్లు పెట్టిన ఫోటోలు ఆరు. తెల్లటి ట్రేలలో, వరసల్లో, చచ్చిన పీతలు. హెప్సిబా ఓపిగ్గా లెక్కపెట్టింది. సరిగ్గా నూట నలభై.

"పాపం, ఇన్ని చచ్చిపోతే ఎవరు మాత్రం డబ్బులిస్తారు?" అనుకుంది. కొన్నవాళ్లకే ఓటని మనసులో దాదాపు ఖాయమైంది. ఓటు గడువు సోమవారం సాయంత్రం ఆరు వరకూ ఉంది.

మూడు గంటలకు సువార్తమ్మ షెడ్డు నుంచి వచ్చింది. కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగుతూ కూతురి వెనక నుంచి తెర మీదికి తొంగి చూసింది.

"ఏంటే ఆ సచ్చిన పీతలు?"

హెప్సిబా అంతా చెప్పింది. అమ్మినవాళ్ల ఫోటో ఒకటి చూపించింది, కొన్నవాళ్లది ఒకటి చూపించింది.

సువార్తమ్మ గ్లాసు కిందపెట్టింది. "ముందుది మళ్లీ సూపించు. ఇప్పుడు రెండోది. మళ్లీ ముందుది." ఆవిడ ముఖం తెరకు జానెడు దూరంలోకి వచ్చింది. "ఇయ్యి ఆళ్లు కట్టిన పీతలు కాదే."

"ఏంటమ్మా?"

"ముడి ఎక్కడుందో సూడు. సర్దేటప్పుడు ముడి ఎనకాల ఉంది, తెడ్డు కాళ్ల మధ్య. సచ్చినవాటికి ముందుంది, నోటి దగ్గర, రెండు డెక్కలకీ మధ్య. ఇది ఒక సేతి కట్టు. అది ఇంకో సేతి కట్టు."

హెప్సిబా ఫోటో పెద్దది చేసింది. నిజమే. చూడగానే తెలిసిపోయేదే, కానీ అటు చూడాలని తెలిస్తేనే. ఆమె ఇంతసేపూ పీత బతికుందా చచ్చిందా అనే చూసింది గానీ తాడు వైపు చూడనేలేదు.

"ఒకే షెడ్డులో పదిమంది కడతారు కదమ్మా. ఎవరి ముడి వాళ్లది కావచ్చుగా?"

"ఒక షెడ్డులో పదిమందీ ఒక మనిషి దగ్గరే నేర్సుకుంటారు. మా షెడ్డులో ఉన్నోళ్లందరికీ నేనే నేర్పాను. పాపాయమ్మ ముడీ నా ముడీ పక్కన పెడితే నువ్వు పోల్సలేవు. ఇంకో షెడ్డు ముడి ఐతే సీకట్లో తడిమి సెప్పేత్తాను."

తల్లీ కూతుళ్లు నేల మీద చాప పరుచుకుని కూర్చున్నారు. హెప్సిబా ఒక్కో ఫోటో పెద్దది చేస్తుంటే, సువార్తమ్మ వేలు పెట్టి చూపిస్తూ "ఎనకాల, ముందు, ముందు, ముందు, కనపట్లేదు, ముందు" అంటూ పోయింది. అమ్మినవాళ్ల ఇరవై నాలుగు ఫోటోల్లోనూ ముందు ముడి ఒక్కటీ లేదు. కొన్నవాళ్ల ఫోటోల్లో నూట నలభై పీతల్లో ఇరవై రెండింటికి ముడి కనిపించలేదు. పదకొండింటికి వెనక ముడి. నూట ఏడింటికి ముందు ముడి.

ముడి కనపడనివి కూడా ఆ సరుకులోవే అనుకున్నా, చచ్చినవి ముప్పై మూడు. అరవైకి సగం దాటింది, అంతే. మిగతావన్నీ ఎక్కడివో ఇంకో సరుకులో చచ్చిన పీతలు తెచ్చి కలిపి ఫోటో తీశారన్నమాట.

"అమ్మా!" హెప్సిబా తల్లి భుజాలు పట్టుకుని ఊపేసింది. "నువ్వేం చూశావో తెలుసా నీకు?"

"వదులే, నా మెడ పట్టేత్తాది," అంది సువార్తమ్మ. కానీ ఆవిడ కళ్లూ మెరుస్తున్నాయి.

కాసేపటికి హెప్సిబా మాట తగ్గింది. మిగతా నలుగురికి ఈ సంగతి చెప్పే దారి లేదు. ఓటుతో పాటు కారణం రాయొచ్చు, వీడియో జత చేయొచ్చు. కానీ ఓట్లు విప్పాకే అవి బయటపడతాయి. ఆ నలుగురూ తాను చూసినట్టే చూస్తారు. తాను అనుకున్నట్టే "పాపం" అనుకుంటారు.

"నేనొక్కదాన్నే మిగిలిపోతానమ్మా. నాలుగు వేలు పోతాయి."

సువార్తమ్మ జుట్టు ముడి విప్పి మళ్లీ వేసుకుంది. "నీ సొమ్ము, నీ ఇష్టం. పొద్దున్నే ఓటేసేసుంటే తప్పు కాదు, అప్పుడు నీకు తెలవదు. ఇప్పుడు తెలిసిపోయింది కదే."

రాజారత్నం అరుగు మీద నుంచి ఇదంతా వింటూనే ఉన్నాడు.

మర్నాడు ఆరాధన అయ్యాక సువార్తమ్మ షెడ్డు యజమానిని అడిగి రెండు పెద్ద పీతలు తెచ్చింది. ఇంటి వెనక గట్టు మీద కూర్చుని, కుడి పాదంతో పీతను నేలకు నొక్కి, పురికొస డెక్కల కింద నుంచి తీసి, చిప్ప మీదుగా వెనక్కి లాగి బిగించింది. పట్టుమని పది సెకన్లు పట్టలేదు. రెండోదాన్ని ముడి ముందుకి వచ్చేలా కట్టింది. అది అలవాటు లేని పద్ధతి కాబట్టి ఇరవై సెకన్లు పట్టింది, డెక్క ఒకసారి వేలి పక్కగా టక్కుమని మూసుకుంది కూడా. హెప్సిబా ఫోన్‌లో తీస్తూ కెవ్వుమంది.

"అరవకు, వీడియోలో పడతాది," అంది సువార్తమ్మ.

సోమవారం స్కూలు అయ్యాక ఐదుంబావుకి హెప్సిబా ఓటేసింది. అమ్మినవాళ్లకి. కారణం ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ రాసింది. లెక్క పెట్టింది, వీడియో జత చేసింది. పంపే బటన్ నొక్కింది.

బుధవారం మధ్యాహ్నం, స్కూల్లో అన్నాల బెల్ కొట్టినప్పుడు ఫలితం వచ్చింది. నాలుగు కొన్నవాళ్లకు. ఒకటి అమ్మినవాళ్లకు. ఆ ఒకటీ ఆమెదే.

అలాగే అవుతుందని తెలుసు. అయినా క్యారేజీ మూత తీయలేకపోయింది. నాలుగు వేలు పోయాయన్నదానికంటే, నలుగురు చదువుకున్న మనుషులు అంత కళ్లెదుట ఉన్నదాన్ని చూడలేదే అన్నది ఎక్కువ గుచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్లి చెబితే సువార్తమ్మ "పోన్లేవే" అంది. ఆ మాట అంటూనే పళ్లేన్ని గట్టిగా కిందపెట్టింది.

ఏడు కాకుండానే ఫోన్ మళ్లీ మోగింది. అమ్మినవాళ్లు అప్పీలు వేశారు.

"నీ కాగితం చదివారమ్మా! నా కాగితం... నీ ముడి!" హెప్సిబా పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. అప్పీలులో మొదటి సాక్ష్యంగా అమ్మినవాళ్లు పెట్టింది సువార్తమ్మ పీతలు కట్టిన వీడియోనే. ఈసారి కొత్తగా పదకొండుమంది జ్యూరీ. పాతవాళ్లెవరూ ఉండరు. పది రోజులు రెండు వైపులా వాదించుకోవచ్చు, ఆ తర్వాత ఓట్లు. హెప్సిబా ఇప్పుడు జ్యూరీ కాదు కాబట్టి, చిన్న ఫీజు కట్టి ఆమె కూడా అందరికీ కనపడేలా రాయొచ్చు.

నాలుగు రోజులు కొన్నవాళ్ల దగ్గర నుంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. హెప్సిబా క్లాసులో పిల్లలకు కంప్యూటర్‌లో లెక్కల పట్టిక వేయడం నేర్పుతూ కూడా ఫోన్ వైపే చూసేది. ఐదో రోజు ఆదివారం, అన్నాలప్పుడు, జవాబు వచ్చింది. హెప్సిబా ఎడమ చేత్తో తెరిచి తెలుగులో చెప్పుకుంటూ చదివింది.

"ముడులు వేరుగా ఉన్న మాట నిజమే. పెట్టెలు తెరిచినప్పుడు చాలా పీతలకు తాళ్లు వదులైపోయి ఉన్నాయి. మా గోదాములో మా పనివాళ్లు వాటిని మళ్లీ కట్టారు. అందుకే ముడి మా పద్ధతిలో ఉంది."

హెప్సిబా నోట్లో ముద్ద ఆగిపోయింది. ఇది వాళ్లెవరూ అనుకోలేదు. వినడానికి సబబుగానే ఉంది. తాడు వదులైతే మళ్లీ కడతారు మరి.

"అయిపోయింది," అంది.

"నూట ఏడు తాళ్లు ఒదులైపోతాయా?" అంది సువార్తమ్మ కోపంగా. "ఆ కట్టు సూత్తే అలా లేదు." కానీ ఆవిడ గొంతులోనూ పట్టు లేదు.

రాజారత్నం అన్నం కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఆగు. ఆ ముక్క మళ్లీ సదువు."

హెప్సిబా మళ్లీ చదివింది.

"మళ్లీ కట్టామన్నాడు కదా. బతికున్నదానికి కట్టాడా, సచ్చినదానికి కట్టాడా?"



"సచ్చిన పీతకి ఎవడు కడతాడండీ తాడు?" అంది సువార్తమ్మ. "డెక్క కొరుకుద్దనే కదా కట్టేది. సచ్చినది కొరుకుద్దా?"

"అదే కదా నేననేది. బతికున్నదానికే కట్టాడు. అంటే పెట్టె తెరిసినప్పుడు అది బతికే ఉంది. మరి పెట్టె తెరిసేసరికే సచ్చి ఉన్నాయని మొదటి కాగితంలో రాసింది ఎవడు? ఈడే కదా?" రాజారత్నం ఎంగిలి చేత్తోనే బల్ల మీద గుద్దాడు. "ఇరవై ఏళ్ల నుంచి సూత్తన్నాను. అబద్ధం ఆడినోడు మొదటి అబద్ధానికి దొరకడు. దాన్ని కప్పడానికి రెండోది సెప్తాడే, అక్కడ దొరుకుతాడు."

"నాన్నా!" హెప్సిబా లేచి నిలబడింది. కంచం పక్కకు తోసింది. "నువ్వు... నాన్నా, నువ్వు అద్భుతం!"

"మరి ఆడు ఆ మాట ఇప్పుడు తీసేసుకుంటేనో? నేనలా అన్లేదు అంటే? ఊళ్లో అదే పని సేత్తారు."

"తీయలేడు. బ్లాక్‌చైన్ మీద పడ్డది ఎవరూ తీయలేరు. ఆ పుస్తకానికి వేల కాపీలు, వేలమంది దగ్గర ఉంటాయి. ఒకచోట దిద్దితే మిగతా అన్నిచోట్లా తేడా పట్టేస్తుంది."

రాజారత్నం ఆ మాటను కాసేపు నమిలాడు. "అంటే అన్నమాట అన్నట్టే ఉండిపోద్ది."

"ఉండిపోద్ది."

"ఎవరన్నా పెద్దమనిషి వచ్చి సర్దుకోండని సెప్పినా?"

"ఉండిపోద్ది నాన్నా."

"ఐతే మంచి పుస్తకవే," అన్నాడాయన. మొదటిసారిగా లాప్‌టాప్ దగ్గరికి బల్ల జరుపుకుని కూర్చున్నాడు.

ముగ్గురూ కలిసి రాశారు. హెప్సిబా పెద్ద వ్యాసం రాయబోతే రాజారత్నం ఒప్పుకోలేదు. "తగువులో పొడుగు మాటలు సెప్పేవోడిని ఎవరూ నమ్మరు. రెండు ముక్కలు సాలు." చివరికి నిలిచినవి నాలుగు వాక్యాలు: చచ్చిన పీతకు ఎవరూ తాడు కట్టరు. మళ్లీ కట్టామని కొన్నవాళ్లే ఒప్పుకున్నారు. కాబట్టి పెట్టె తెరిచినప్పుడు అవి బతికే ఉన్నాయి. తెరిచేసరికే చచ్చి ఉన్నాయన్న ఫిర్యాదును వాళ్ల మాటే కొట్టేస్తోంది.

హెప్సిబా దాన్ని ఇంగ్లీషులో పెట్టి పంపింది. కొన్నవాళ్ల వైపు నుంచి గడువు ముగిసేదాకా ఇంకో మాట రాలేదు.

పై ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఓట్లు విప్పడం మొదలు. పదకొండుమందీ ముందే రహస్యంగా వేసేశారు. ఇప్పుడు ఎవరి ఓటు వాళ్లు తెరవాలి. ఒక్కోటీ తెరుచుకోగానే తెర మీద కనిపిస్తుంది. సువార్తమ్మ షెడ్డులో ఎవరికీ చెప్పనంటూనే అందరికీ చెప్పింది. పాపాయమ్మతో పాటు నలుగురు ఆడవాళ్లు వచ్చి చాప మీద కూర్చున్నారు. హెప్సిబా లాప్‌టాప్‌ను స్టూలు మీద పెట్టింది.

"ఆకుపచ్చ పడితే అమ్మినవాళ్లకి. ఎరుపు పడితే కొన్నవాళ్లకి. ఆరు వచ్చినవాళ్లు గెలిచినట్టు."

మూడూ ఐదుకి మొదటి గడి వెలిగింది. ఎరుపు.

"అయ్యో," అంది పాపాయమ్మ.

మూడూ పన్నెండుకి రెండోది. మళ్లీ ఎరుపు. సువార్తమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఉంది. చుట్టిన చుట్టు చూస్తే అదీ పీత కట్టులాగే ఉంది. రాజారత్నం లేచి గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

మూడున్నరకి మూడోది వెలిగింది. ఆకుపచ్చ! చాప మీద ఒక కేక లేచింది. అది ఆగకముందే నాలుగోదీ ఆకుపచ్చ. ఆ తర్వాత పావుగంట ఏమీ లేదు. ఏ దేశంలో ఎవరు నిద్ర లేస్తున్నారో, ఎవరు బస్సులో ఉన్నారో. హెప్సిబా తెర మీద నుంచి చూపు తిప్పలేదు. నాలుగు కావస్తుండగా రెండు గడులు ఒకేసారి వెలిగాయి. రెండూ ఆకుపచ్చే.

"నాలుగు!" అంది సువార్తమ్మ. ఇరవై రెండేళ్లు పీతలు లెక్కపెట్టిన గొంతుతో, గట్టిగా.

ఆ వెంటనే ఇంకో ఆకుపచ్చ. "ఐదు!" అన్నారు ఇంకో ఇద్దరు తోడై.

ఐదు దగ్గర ఆగింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఎవరో దగ్గితే పాపాయమ్మ "ఉష్" అంది.

తర్వాతి గడి వెలిగింది.

"ఆరు!"

ఆ కేకకి వీధిలో పోతున్నవాళ్లు ఆగి లోపలికి చూశారు. సువార్తమ్మ లేచి నిలబడింది, ఎందుకు లేచిందో తెలియక మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. పాపాయమ్మ ఆవిడను వాటేసుకుంది. హెప్సిబాకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ తర్వాత మిగతా గడులను ఎవరూ సరిగా చూడను కూడా చూడలేదు. అన్నీ తెరుచుకున్నాక లెక్క తొమ్మిది, రెండు.

పదకొండో ఓటు పడిన అరనిమిషానికి తెర మీద ఇంకో వరస మారింది. ఆగి ఉన్న డబ్బు అమ్మినవాళ్ల ఖాతాకి వెళ్లిపోయింది. హెప్సిబా పోయిందనుకున్న నాలుగు వేలు కూడా తిరిగి వచ్చాయి. మొదటి విడతలో తప్పు వైపు ఓటేసిన నలుగురి పూచీలోంచి ఆమె వాటాగా మరికొంత వచ్చింది.

"సంతకం ఎవరు పెట్టారే?" అన్నాడు రాజారత్నం.

"ఎవరూ పెట్టక్కర్లేదు నాన్నా. తీర్పు పడితే దానంతటదే కదులుతుంది."

"నాకు తీర్పు సెప్పడం ఒక ఎత్తు. దాన్ని అమలు సేయించడానికి ఆరు నెలలు ఆళ్ల గుమ్మాల సుట్టూ తిరగడం ఇంకో ఎత్తు," అని ఆయన తల ఊపాడు. "ఇదే నాకుంటేనా..." మిగతాది పూర్తిచేయకుండా టీ పెట్టమంటూ వంటింట్లోకి వెళ్లాడు. ఎవరూ రాకపోతే తనే పెట్టాడు.

టీలు తాగుతుండగా కేసు పేజీ మీద ఒక కొత్త మాట కనిపించింది. అమ్మినవాళ్లు రాసింది. హెప్సిబా పైకి చదివింది.

"ఆ పీతలు కట్టినవాళ్లు మా రేవులో పనిచేసే అక్కాచెల్లెళ్లు. సరుకు చచ్చింది మీ కట్టు వల్లేనని వాళ్లను అందరూ నెల రోజులుగా ఆడిపోసుకుంటున్నారు. ముడిని చూసి పోల్చిన మనిషి ఎవరో చెప్పమని ఇద్దరూ అడుగుతున్నారు."

అందరూ సువార్తమ్మ వైపు చూశారు. సువార్తమ్మ టీ గ్లాసు కిందపెట్టి, చెంగుతో మూతి తుడుచుకుని, నిటారుగా కూర్చుంది.

"సువార్తమ్మ అని రాయి. యానాం అని రాయి. నేనూ కట్టేదాన్నే అని రాయి."

హెప్సిబా టైపు చేసింది.

"ముడి సాలా బాగుందని రాయి. నేర్పినోళ్లు మంచోళ్లని రాయి." టీ గ్లాసు మళ్లీ అందుకుంది. "ఇంకోటి. ఏడో పెట్టె ఫోటోలో డెక్కల కింద బిగువు ఎక్కువైంది, తెడ్డు కాళ్లు నొక్కుకుపోయాయి. ఎనక ముడున్న ఆ పదకొండూ అందుకే సచ్చుంటాయి. కొంచెం ఒదులు సేసుకోమని రాయి."

"అమ్మా, గెలిచిన రోజున తప్పులు పడుతున్నట్టుండదూ?"

"తప్పులేంటే? ఆళ్లూ పనోళ్లే, నేనూ పనిదాన్నే. సెప్పకపోతే తప్పు."

"వేడినీళ్ల రోజుల్లో తాడు తడిపి కట్టమను," అంది పాపాయమ్మ ముందుకు జరుగుతూ.

"వేడినీళ్ల రోజులేంటి పిన్నీ?"

"ఎండాకాలమే. నీళ్లు వేడెక్కిపోతాయి కదా."

"పెద్దవాటిని కిందవరసలో పెట్టొద్దను," అంది ఇంకొకావిడ.

"ఆళ్ల పేర్లేంటో అడుగు. రోజుకెన్ని కడతారో అడుగు."

"వేళ్లకి ఏం రాసుకుంటారో కూడా అడగవే హెప్సీ!"

ఆడవాళ్లందరూ ఒకేసారి చెప్పడం మొదలుపెట్టారు. హెప్సిబా రెండు చేతులూ పైకెత్తింది. "ఒక్కొక్కరే చెప్పండి, మీకు దండం పెడతాను!" అని, లాప్‌టాప్ ఒళ్లోకి లాక్కుని, మొదటి నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టింది.